నలభై ఏడో నంబరు

కుండ్రత్తూరు పోయే దారిలో
మేం తోసుకెళ్ళే యంత్రం అచ్చం ఐస్‌బండిలా ఉంటుంది.
నాలుగు చక్రాలు, ఒక పెట్టె, పైన చిన్న తెర.
బడి వదిలిన పిల్లలు వెంటపడి
"అక్కా, మ్యాంగో ఉందా?" అంటారు.
ఇది భూమి లోపలికి చూస్తుందిరా అని చెబితే
"లోపల మ్యాంగో ఉందా?" అంటారు.

మాకంటే ముందే హైవేస్ వాళ్ళు వచ్చి
గోడల మీద ఎర్ర అంకెలు రాసి పోయారు.
టైలరు కొట్టులో ఆరడుగులు,
మందుల షాపుకి మెట్లు మాత్రం,
మునిరత్నం పంచరు షాపు మొత్తం.
మాకిచ్చింది పదిహేను రోజులు,
మూడువేల ఏళ్ళకి.

ట్యూబుని నీళ్ళ తొట్టిలో ముంచి
బుడగ కోసం చూస్తూ అడిగాడాయన,
ఇంట్లో మాత్రమే మాట్లాడే తెలుగులో:
"ఏమ్మా, కింద ఏమన్నా దొరికితే రోడ్డు ఆగిపోతాదా?"
ఆగదు.
కొలుస్తాం, ఫోటో తీస్తాం, పెట్టెలో పెట్టుకుని పోతాం.
ఆ మాట నోటిదాకా వచ్చింది.
"దొరకనీ, చూద్దాం" అన్నాను.
తప్పు నాదే.

మూడోనాడు పొద్దున
షాపు వెనక, తెర మీద
విల్లులా వంగిన గీత.
ఇళంపరిది ఊపిరి బిగబట్టాడు, వాడికిది మొదటి ఉద్యోగం.
మోకాళ్ళ కింద గోనె, చేతిలో తాపీ, బ్రష్షు.
జానెడు లోతులో భుజం కనబడింది,
గుండ్రంగా, నున్నగా,
మరీ నున్నగా.
పైన గోధుమ రంగు, కింద తెలుపు. పింగాణీ జాడీ.
మూతికి కట్టిన గుడ్డ ఇంకా నూనె తడి మీదే ఉంది.
మట్టిలోంచి ఆవపిండి వాసన.

ఎవరూ మాట్లాడలేదు.
అవతల మునిరత్నం
చిల్లే లేని ట్యూబులో బుడగ వెతుకుతున్నాడు.

పొరలు చదవడం మా పని.
పైనున్నది కొత్తది, కిందున్నది పాతది, అంతే చదువు.
ఈ పొరా చదివాను.
టార్చి నోట్లో కరిచిపట్టుకుని
టైరు లివరుతో ఒక మనిషి రాత్రంతా తవ్వాడు.
ఆవకాయని ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చాడు,
భార్యకి చెప్పో, చెప్పకో.
హడావిడిలో రెండు బద్దలు అడుగున మరిచిపోయాడు.
వాళ్ళమ్మ దేశమ్మ పుత్తూరు సంతలో బేరమాడి కొన్న జాడీ అని
తర్వాత తెలిసింది.
అది మాత్రం పొరల్లో లేదు.

జాడీ ఎత్తాక
అది కూర్చున్న చోట మట్టి రంగు వేరుగా ఉంది.
ఇంకో జానెడు.
ఇంకో రెండు.
మందపాటి అంచు, అంచు చుట్టూ
ఎవరివో వేళ్ళు నొక్కిన గుంటల గొలుసు,
నా చూపుడువేలు సరిగ్గా పట్టేంత.
మనిషి ముడుచుకుని పడుకునేంత కుండ.
లోపల, మట్టి నిండిన చిన్న గిన్నె.
పోయినవాళ్ళకి ఆకలవుతుందని పెట్టింది.

మునిరత్నం పరిగెత్తుకొచ్చాడు, చేతులింకా తడిగా.
"నేను పెట్టలా! ఇది మాత్రం నేను పెట్టలేదమ్మా!"
తల మీద చెయ్యి పెట్టుకుని ప్రమాణం చేశాడు.
ఇళంపరిదికి తెలుగు రాదు,
అయినా నవ్వు ఆపుకోలేక గుంత దిగిపోయాడు.
ఆ తర్వాత మేం ముగ్గురం
గుంత అంచున కూర్చుని టీ తాగాం.
ఎవరి గ్లాసులోకి వాళ్ళం చూసుకున్నాం.

రోడ్డు ఆగలేదు.
షాపు ఒక గంటలో పోయింది. నిజానికి గంట కూడా పట్టలేదు.
ముందురోజు సాయంత్రం జాడీ కడిగి తీసుకెళ్ళి ఇచ్చాను.
పుచ్చుకోలేదాయన.
"ఉండనీ మీ దగ్గరే.
ముప్పై ఏళ్ళు కూర్చున్నా ఈ జాగాకి పట్టా రాలా.
దానికన్నా ఒక నంబరు రానీ."

నలభై ఆరు: ఖనన కుండ, అంచు స్వల్పంగా పగిలింది.
నలభై ఏడు: జాడీ, పూర్తిగా ఉంది.
కాలం అన్న గడి దగ్గర
పెన్ను మూత పెట్టేశాను.

ఎండాకాలం గోడౌన్లో రేకు కాగినప్పుడు
మూడో అర తలుపు తీస్తే చాలు,
ఇళంపరిది గుటకలు మింగుతాడు.
నేనూ.